తోకకప్పగా బతికినవి కప్ప అయ్యేటప్పుడు ఎందుకు చచ్చిపోతున్నాయి?

శేషు_పేరూరు

మా ఇంటి వెనక పాత సిమెంటు తొట్టి ఒకటుంది. గేదెలున్న రోజుల్లో కుడితి తొట్టి అది, ఇప్పుడు వాన నీళ్ళు నిలుస్తాయి. వినాయక చవితి అయిన వారానికి దాని లోపలి అంచున సబ్బు నురగ లాంటి ముద్ద కనిపించింది. చెట్టుకప్ప గుడ్లని పక్కింటి తాత చెప్పాడు. నాలుగైదు రోజులకు నురగ కరిగి, చిన్న చిన్న తోకకప్పలు టపటపా నీళ్ళలోకి రాలాయి. ఆరో తరగతి చదివే మా వాడికి అప్పటి నుంచి అదే లోకం. బడి నుంచి రాగానే సంచి పడేసి తొట్టి దగ్గరికి పరుగు.

నీళ్ళు పాచి పట్టి ఆకుపచ్చగా ఉండేవి. ఆకులు కుళ్ళేవి, దోమ పిల్లలు తిరిగేవి, ఒకసారి చచ్చిన బల్లి కూడా తేలింది. అయినా తోకకప్పలకు ఏమీ కాలేదు. వెనక కాళ్ళు వచ్చాయి, తర్వాత ముందు కాళ్ళు వచ్చాయి. మా వాడు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నాడు, మొత్తం 19. సరిగ్గా తోక కుంచించుకుపోయే రోజుల్లో మొదలైంది. నాలుగు రోజుల్లో 7 పోయాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. తోక జీలకర్ర గింజంత మిగిలింది. పొట్ట కింద, తొడల దగ్గర చర్మం ఎర్రగా కమిలినట్టుంది.

అదే నీళ్ళు, అదే తొట్టి. ఒంట్లో ఏ బలమూ లేని రోజుల్లో ఆ మురికిలో హాయిగా బతికినవి, కాళ్ళూ చేతులూ వచ్చి గట్టిపడాల్సిన సమయంలో ఎందుకు పోతున్నాయి? మా వాడు రాత్రి అన్నం తినలేదు. వాడికి చెప్పడానికి నాకు సమాధానం కావాలి.

పలమనేరు_పిల్లోడు

మా అక్క కూతురు బకెట్లో పెంచినప్పుడు కూడా ఇదే జరిగింది. తోక పోయే దాకా బాగున్నాయి, ఆ తర్వాత రోజుకొకటి. మేం దిష్టి తగిలిందనుకున్నాం.

అలిపిరి_మెట్లు

కుళాయి నీళ్ళు ఏమైనా కలిపారా? క్లోరిన్ పడితే వాటి చర్మం తట్టుకోదు.

శేషు_పేరూరు

లేదన్నా. వాన నీళ్ళే. తగ్గినప్పుడు రెండుసార్లు బోరు నీళ్ళు పోశాను, అది కూడా నెల కిందట.

పశువుల_డాక్టరు_చిత్తూరు

ముందు తేలికైన కారణం చూద్దాం. తోకకప్పకు మొప్పలుంటాయి. కప్ప కాబోతున్నప్పుడు అవి పోయి ఊపిరితిత్తులతో గాలి పీల్చాలి. తొట్టి గోడలు నిట్టనిలువుగా ఉంటే, ఎక్కి కూర్చోడానికి రాయో చెక్కో లేకపోతే అలిసిపోయి మునిగిపోతాయి. ఇంట్లో పెంచే వాళ్ళ దగ్గర ఎక్కువ భాగం ఇలాగే పోతాయి.

శేషు_పేరూరు

రెండు ఇటుకలు మెట్లుగా పేర్చాం సార్. పోయిన ఏడింటిలో మూడు ఇటుక మీదే కూర్చున్నట్టు ఉండి పోయాయి. నీళ్ళలో కాదు.

పశువుల_డాక్టరు_చిత్తూరు

అయితే ఆ మూడింటి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చర్మం ఎర్రబడిందని మీరు రాసింది నేను సరిగ్గా పట్టించుకోలేదు. నీళ్ళలో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఒంట్లోకి చేరినప్పుడు కప్పలకు తొడలు, పొట్ట ఇలా ఎర్రబడతాయి. ఎర్ర కాళ్ళ జబ్బు అంటారు. వైరస్ వల్ల కూడా ఇలా రావచ్చు, చూసి చెప్పలేం. కానీ ఆ సూక్ష్మజీవులు నిన్న మొన్న వచ్చినవి కావు, మొదటి రోజు నుంచీ ఆ నీళ్ళలోనే ఉండి ఉంటాయి.

తలకోన_బాటసారి

అంటే శత్రువు మారలేదు, కప్పే మారిందన్నమాట.

జువాలజీ_వాణి

తలకోన_బాటసారి గారి మాటే అసలు విషయం. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, రూపవిక్రియ, అంటే తోకకప్ప కప్పగా మారడం, అనగానే పిల్లలు కాళ్ళు, తోక, మొప్పలు అని గడగడా చెప్పేస్తారు. బయటికి కనిపించేవి అవి. లోపల అంతకంటే పెద్ద మార్పు జరుగుతుంది. కప్ప తన రోగనిరోధక వ్యవస్థను చాలావరకు విప్పేసి మళ్ళీ కడుతుంది.

దీని గురించి ఎక్కువగా తెలిసింది జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప మీద చేసిన పనుల వల్ల. గుడ్డులోంచి బయటికొచ్చిన కొద్ది రోజుల్లోనే తోకకప్పకు థైమస్ తయారవుతుంది. మనకు గుండెకు కాస్త పైన ఉండే గ్రంథే, దానికి చెవి పొర దగ్గర రెండు వైపులా ఉంటుంది. అక్కడ టి కణాలు అనే తెల్లరక్తకణాలు చదువుకుని బయటికొస్తాయి, అంటే ఏది నా ఒళ్ళు, ఏది పరాయిది అని నేర్చుకుంటాయి. తోకకప్పకు యాంటీబాడీలు కూడా ఉంటాయి. కాబట్టి శేషు గారూ, ఒంట్లో ఏ బలమూ లేదనుకున్నారే, అది నిజం కాదు. తోకకప్పకు తనకు సరిపడా రక్షణ ఉంటుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కప్ప అయ్యేటప్పుడు ఒళ్ళంతా కొత్త ప్రోటీన్లు పుడతాయి. రక్తంలో హిమోగ్లోబిన్ కూడా మారిపోతుంది, తోకకప్పది వేరు, కప్పది వేరు. చర్మం కొత్తది, పేగులు కొత్తవి. పాత టి కణాలు వీటిని ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో పాత కాపలావాడున్నాడనుకోండి, పాత అద్దెవాళ్ళ ముఖాలే తెలుసు. కొత్తవాళ్ళు సామాను దింపుతుంటే దొంగలని కర్ర తీసుకుంటాడు. అందుకని కప్ప ఆ కాపలావాళ్ళలో చాలామందిని ముందే పంపేస్తుంది. రూపవిక్రియ మొదలవగానే థైరాయిడ్ హార్మోనుతో పాటు కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. వాటి వల్ల లింఫోసైట్లు, అంటే టి కణాల లాంటి తెల్లరక్తకణాలు, పెద్ద ఎత్తున చనిపోతాయి. థైమస్‌లో ఉన్నవాటిలో సగానికి పైగా పోతాయి, ప్లీహంలోనూ తగ్గుతాయి. తర్వాత థైమస్ మళ్ళీ నిండుతుంది, ఈసారి కొత్త ఒంటిని చూసి నేర్చుకున్న కణాలతో.

పాతవాళ్ళు వెళ్ళి కొత్తవాళ్ళు కుదురుకునే ఆ మధ్య రోజులున్నాయే, మీ తొట్టిలో ఏడు పోయింది ఆ రోజుల్లోనే.

శేషు_పేరూరు

మేడం, ఇది మా వాడికి చదివి వినిపించాను. కాపలావాడి కథ రెండుసార్లు చెప్పించుకున్నాడు. "మరి కొత్త కాపలావాడు వచ్చాకే పాతవాణ్ణి పంపొచ్చు కదా" అంటున్నాడు.

కుప్పం_ఇంజనీరు

పిల్లాడి ప్రశ్నే నాదీ. ఇంత ప్రమాదమైన పద్ధతి కోట్ల ఏళ్ళు ఎలా నిలిచింది? నాకు ఇది నమ్మశక్యంగా లేదు. ఆ లోపం ఉన్నవి ఎప్పుడో అంతరించిపోవాలి కదా.

లత_పరిశోధన

కుప్పం_ఇంజనీరు గారూ, నిలిచిందంటే నష్టం కంటే లాభం ఎక్కువ కాబట్టే. ఒక తల్లి కప్ప వందల గుడ్లు పెడుతుంది. తోకకప్ప నీళ్ళలో పాచి తిని బతుకుతుంది, కప్ప గట్టు మీద పురుగులు తిని బతుకుతుంది. రెండింటికీ తిండి దగ్గర పోటీ లేదు. కుంట ఎండిపోయేలోపు నీళ్ళు వదిలి బయటపడే వీలు దొరుకుతుంది. మన రాయలసీమ కుంటల్లో ఇదెంత ముఖ్యమో చెప్పాలా? ఆ లాభం కోసం కొన్ని రోజుల బలహీనతను భరించాయి. అన్నీ చావవు, 19లో 12 బతికాయి చూడండి. ప్రకృతిలో తోకకప్పలు కప్పలయ్యే లెక్క ఇంతకంటే చాలా తక్కువ.

పాతవాళ్ళను ఉంచి కొత్తవాళ్ళను తెస్తే ఏమవుతుందంటే, పాతవాళ్ళు కొత్త ఒంటి మీదే దాడి చేస్తారు. మనుషుల్లో కీళ్ళవాతం, మొదటి రకం మధుమేహం లాంటివి ఆ రకం పొరపాట్లే, సొంత రక్షణ సొంత ఒంటినే కొడుతుంది. ఆ ప్రమాదం కంటే కొన్నాళ్ళు కాపలా తగ్గడమే మేలు. ఇంకో సంగతి, పాతవన్నీ పోవు. కొన్ని మిగిలి పెద్ద కప్పలోకి వెళ్తాయి, తోకకప్పగా చూసిన రోగాన్ని కొంతవరకు గుర్తుంచుకుంటాయి కూడా.

చర్మం అతికించే ప్రయోగాలు దీనికి మంచి సాక్ష్యం. పెద్ద జెనోపస్‌కు ఇంకో కప్ప చర్మం ముక్క అతికిస్తే తోసేస్తుంది. తోకకప్ప దశలో, ముఖ్యంగా మారే రోజుల్లో, తేడా మరీ ఎక్కువ లేకపోతే తన చర్మంగానే ఒప్పుకుంటుంది. తొలి రోజుల్లోనే థైమస్ తీసేసిన తోకకప్ప పెద్దయ్యాక కూడా పరాయి చర్మాన్ని తోసెయ్యలేదు. ఆ గ్రంథి పని ఏమిటో ఇంతకంటే తేటగా ఎలా తెలుస్తుంది?

అలిపిరి_మెట్లు

19 కప్పల్ని ఒకచోట లెక్కపెట్టిన పిల్లాడికి దండం. కప్పల తక్కెడ అని పెద్దలు ఊరికే అనలేదు, తూచేలోపు సగం దూకేస్తాయి.

మామిడితోట_రైతు

ఆ తోక ఏమవుతుంది? రాలి పడదు కదా. నేను ఎన్నో చూశాను, కింద తోక పడి ఉండగా ఎప్పుడూ చూడలేదు.

జువాలజీ_వాణి

రాలదు. ఒంట్లోకే ఇంకిపోతుంది. ఆ రోజుల్లో నోరు, పేగులు కూడా మారుతుంటాయి కాబట్టి అది తిండి తినదు, తోకలో ఉన్న పోషకాలే దానికి దారిబత్తెం. ఇదంతా నడిపేది థైరాయిడ్. 1912లో గుడర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ గ్రంథి తినిపిస్తే ఈగంత చిన్న కప్పలుగా ముందే మారిపోయాయి.

తలకోన_బాటసారి

తోకను దాని సొంత టి కణాలే పరాయిదని కొట్టేస్తాయని చదివాను. జపాన్ వాళ్ళు 2009లో చూపించారట.

లత_పరిశోధన

చూపించారు. తోకలో ఔరో అనే రెండు ప్రోటీన్లు ఉంటాయని, కొత్త టి కణాలు వాటిని పరాయివిగా చూస్తాయని అన్నారు. చాలా అందమైన ఆలోచన. కానీ తర్వాత వేరే బృందం ఆ జన్యువులు పనిచెయ్యకుండా చేసి చూస్తే తోక మామూలుగానే పోయింది. కాబట్టి అవి లేకపోతే తోక పోదని అనలేం. హార్మోను చెప్పగానే తోక కణాలు తమంతట తామే చనిపోవడం అసలు పని, ఆ చెత్త ఎత్తెయ్యడానికి మాక్రోఫేజులు అనే తెల్లరక్తకణాలు వస్తాయి.

తలకోన_బాటసారి

నేను ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. సరే, ఇక నుంచి రెండో సగం కూడా చెబుతాను.

స్వర్ణముఖి_అమ్మ

మా అత్తమ్మ గోండ్రుకప్పను తాకితే పులిపిర్లు వస్తాయంటుంది. పిల్లలు ఆడుతుంటే నాకు టెన్షన్. నిజమేనా?

పశువుల_డాక్టరు_చిత్తూరు

రావమ్మా. పులిపిర్లు మనుషుల వైరస్ వల్ల వస్తాయి, మనుషుల నుంచి మనుషులకే. గోండ్రుకప్ప ఒంటి మీద బొడిపెలున్నాయని పెద్దలు అలా అనుకున్నారు. కానీ దాని కళ్ళ వెనక ఉబ్బుగా రెండు గ్రంథులుంటాయి, నొక్కితే పాలలాంటి విషం వస్తుంది. అది కంట్లో నోట్లో పడకూడదు. కుక్కలు నోట కరుచుకుని నురగలు కక్కుతూ మా దగ్గరికి వస్తుంటాయి. తాకితే సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

లత_పరిశోధన

చర్మం మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి, వాణి గారు చెప్పని సగం ఇదే. కప్పకు రక్షణ టి కణాలతో, యాంటీబాడీలతో మొదలవదు, చర్మంతో మొదలవుతుంది. ఆ తడి చర్మం కింద చిన్న చిన్న గ్రంథుల్లో సూక్ష్మజీవుల్ని చంపే పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలు, నిల్వ ఉంటాయి. భయపడినా గాయమైనా బయటికొస్తాయి.

1980లలో మైఖేల్ జస్లాఫ్ అనే డాక్టరు అమెరికాలో జెనోపస్ కప్పల అండాశయాలు తీసి పరిశోధన చేసేవాడు. కుట్లు వేసి కప్పల్ని మళ్ళీ తొట్టిలో వదిలేవాడు. ఆ నీళ్ళలో బ్యాక్టీరియాకు కొదవ లేదు. అయినా గాయాలు చీము పట్టకుండా మానిపోతున్నాయి. రోజూ అందరూ చూసే విషయమే, ఎందుకని ఆగి అడిగింది ఆయన. 1987లో ఆ చర్మం నుంచి మాగైనిన్లు బయటికి తీశాడు. హీబ్రూలో డాలు అనే మాట నుంచి పెట్టిన పేరు. ఒక్కోటి 23 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, బ్యాక్టీరియా పొరకు చిల్లులు పెడుతుంది. దాన్నుంచి చేసిన పెక్సిగనాన్ అనే మందును షుగర్ రోగుల కాలి పుండ్లకు వాడదామనుకున్నారు, 1999లో అమెరికాలో అనుమతి రాలేదు.

శేషు గారి తొట్టికి దీనికీ సంబంధం ఏమిటంటే, ఈ చర్మ గ్రంథులు బాగా తయారయ్యేది కూడా రూపవిక్రియ అప్పుడే. తోకకప్ప చర్మంలో అవి ఇంకా ఎదగవు. అంటే మారే రోజుల్లో లోపల కాపలా తగ్గింది, బయట డాలు ఇంకా చేతికి రాలేదు.

పలమనేరు_పిల్లోడు

కేరళ కప్పతో ఫ్లూ మందు అని ఒకప్పుడు పేపర్లో వచ్చింది, ఇదేనా?

లత_పరిశోధన

ఆ కోవలోదే. 2017లో వచ్చింది, పేరు ఉరుమిన్. కేరళ వాళ్ళు నడుముకు చుట్టుకునే ఉరుమి కత్తి పేరే పెట్టారు. హెచ్1 రకం ఫ్లూ వైరస్‌లను చీల్చేస్తుంది. ఇంకా ప్రయోగశాల, ఎలుకల దశ మాటే. ఎవరూ కప్పను పట్టి ముక్కుకు రుద్దుకోకండి.

పాలకేంద్రం_బాబు

రష్యాలో పాతకాలంలో పాలు విరగకుండా కుండలో కప్పను వేసేవాళ్ళని విన్నాను. మాది పాల వ్యాపారం, చదవగానే ఒళ్ళు జలదరించింది.

పశువుల_డాక్టరు_చిత్తూరు

విన్నది నిజమే, అక్కడి గోధుమరంగు కప్ప చర్మంలో బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్లు బోలెడు దొరికాయి. కానీ కప్ప ఒంటి మీద సాల్మొనెల్లా లాంటివి కూడా ఉంటాయి. చిత్తూరు పాలకు ఐసు చాలు.

కుప్పం_ఇంజనీరు

నా మొదటి సందేహం కొంత తీరింది. ఇంకొకటి. కప్ప రోగనిరోధక వ్యవస్థ మనదానికి పాత నమూనా అనుకోవచ్చా? అంటే తక్కువ రకం?

లత_పరిశోధన

పాత నమూనా అనే మాట దగ్గర నేను గొడవ పడతాను. ఈరోజు తొట్టిలో ఉన్న కప్ప మనకు తాత కాదు, దూరపు దాయాది. మన దారులు విడిపోయి సుమారు 35 కోట్ల ఏళ్ళు. అప్పటి నుంచి అది ఖాళీగా కూర్చోలేదు.

విడిపోకముందే ఉమ్మడి ఆస్తిగా ఉన్నదేమిటో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. దవడ ఉన్న వెన్నెముక జీవులన్నింటికీ, సుమారు 50 కోట్ల ఏళ్ళ కిందటి సొరచేపల పూర్వీకుల నుంచీ, టి కణాలు, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు, థైమస్, ప్లీహం ఉన్నాయి. యాంటీబాడీ జన్యువుల ముక్కల్ని పేక ముక్కల్లా కలిపి లక్షల రకాలు తయారుచేసే రాగ్ జన్యువులు కూడా. కప్పకూ మనకూ ఇవి ఒకటే.

తేడాలు ఉన్నాయి. కప్పకు మన చంకల్లో, గజ్జల్లో ఉబ్బే లాంటి శోషరస గ్రంథులు లేవు. మనకు ఒక రోగం రెండోసారి వస్తే యాంటీబాడీ ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, కప్పలో ఆ మెరుగు 10 రెట్లకు మించదు. కానీ ఒకే రోగానికి ఒక రకం యాంటీబాడీ నుంచి ఇంకో రకానికి మారడం కప్పల్లో స్పష్టంగా ఉంది, చేపల్లో ఇలా కనిపించదు. పేగుల కాపలాకు మనకు ఐజీఏ అనే యాంటీబాడీ ఉన్నట్టు వాటికి ఐజీఎక్స్ ఉంది.

తోకకప్ప విషయంలో ఇంకో పెద్ద తేడా. మన కణాలు దాదాపు అన్నీ లోపల ఏం జరుగుతోందో ఎంహెచ్‌సీ ఒకటో తరగతి అనే అణువుల మీద పెట్టి టి కణాలకు చూపిస్తాయి. వైరస్ దూరితే అలాగే దొరికిపోతుంది. జెనోపస్ తోకకప్పలో ఆ చూపించే పని దాదాపు ఉండదు, రూపవిక్రియతోనే పూర్తిగా మొదలవుతుంది. వేరే దారుల్లో వైరస్‌లతో పోరాడుతుంది.

మామిడితోట_రైతు

చదువుకున్న వాళ్ళు చెప్పేది వింటున్నాను. నేను చూసింది చెబుతాను. మాది ఏడు ఎకరాల తోతాపురి. మా నాయన ఉన్నప్పుడు తొలకరి పడిన రాత్రి కప్పల మోతకు నిద్ర పట్టేది కాదు. పసుపు రంగు బోదురు కప్పలు గట్టు మీద బంతుల్లా కూర్చునేవి. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, కప్పతల్లి అంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం, ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళు. ఇప్పుడు కట్టడానికి కప్ప కావాలంటే వెతకాలి. నాకైతే పూత సమయంలో కొట్టే మందులే కారణమనిపిస్తుంది. నేనూ కొడతాను, కొట్టకపోతే తేనెమంచు పురుగు పూతంతా తినేస్తుంది. కానీ కొట్టిన వారం కాలవలో కనిపించేది చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

వడమాలపేట_నాయుడు

మందులదే తప్పంటే ఒప్పుకోను. మా ఊరి చెరువు పూడిపోయింది, కుంటలు చదును చేశారు, బోర్లు పడ్డాయి. నీళ్ళు మూడు నెలలు నిలవకపోతే కప్ప ఎక్కడ గుడ్డు పెడుతుంది? అదీ కాక అప్పట్లో కాళ్ళు ఎగుమతి చెయ్యడానికి పెట్రోమాక్స్ లైట్లతో వచ్చి బస్తాలకు బస్తాలు పట్టుకుపోయారు. 1987లో ప్రభుత్వం ఎగుమతి ఆపేదాకా అదే పని.

లత_పరిశోధన

మీ ఇద్దరి మాటలూ ఒకదానికొకటి అడ్డం కాదు. మందు కప్పను నేరుగా చంపకపోయినా దాని కాపలాను తగ్గిస్తుంది. అమెరికాలో 2002లో ఒక పని ప్రచురించారు. పొలాల నీళ్ళు చేరే కుంటల్లో కప్పలకు కాళ్ళు వంకరగా వస్తున్నాయి, కారణం తోకకప్పలోకి దూరే ఒక చదునుపురుగు పిల్లలు. ప్రయోగశాలలో మలాథియాన్ లాంటి మందులు కొద్దిగా తగిలిన తోకకప్పల్లో ఆ పురుగులు ఎక్కువ నిలిచాయి, ఒక రకం తెల్లరక్తకణాలు తగ్గాయి. ఇక కుంట త్వరగా ఎండితే తోకకప్ప తొందరపడి మారుతుంది. తొందరపడి మారిన కప్ప చిన్నగా, బలహీనంగా ఉంటుంది. నాయుడు గారి ఎండిన కుంట, రైతు గారి మందు, రెండూ ఒకే బలహీనమైన రోజుల మీద పడతాయి.

వడమాలపేట_నాయుడు

ఇలా చెబితే ఒప్పుకుంటాను.

తలకోన_బాటసారి

ప్రపంచంలో కప్పల్ని తుడిచిపెట్టిన బూజు ఒకటి ఉందంటారు కదా. శేషు గారివి దానితోనే పోయాయేమో? శేషాచలం కొండల దాకా వస్తే ఏం గతి?

పశువుల_డాక్టరు_చిత్తూరు

కైట్రిడ్ బూజు. ఆస్ట్రేలియాలో, పనామాలో కప్పలు కుప్పలుగా చచ్చిపోతుంటే 1998లో కారణం ఇదని తేలింది. 2019 లెక్క ప్రకారం 501 జాతులు దీనివల్ల తగ్గాయి, వాటిలో 90 అంతరించినట్టే. చర్మంలోని కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. కప్ప చర్మంతోనే నీళ్ళు, లవణాలు తీసుకుంటుంది కాబట్టి ఆ సమతూకం చెడి చివరికి గుండె ఆగిపోతుంది. తోకకప్పకు కెరటిన్ నోటి దగ్గర మాత్రమే ఉంటుంది, అందుకే అది బతికేస్తుంది. కప్ప అయ్యాక ఒళ్ళంతా కెరటిన్ వస్తుంది, అప్పుడు చస్తుంది. చూడండి, మళ్ళీ అవే రోజులు.

కానీ ఈ తొట్టిలో అదేనని నేను అనుకోను. ఆ బూజు 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, 28 దాటితే ఎదుగుదల ఆగిపోతుంది. తిరుపతి ఎండలో సిమెంటు తొట్టి నీళ్ళు ఎంత వేడెక్కుతాయో మీకే తెలుసు. పశ్చిమ కనుమల్లో ఈ బూజు ఉన్నట్టు 2011లోనే తేలింది, అక్కడ మూకుమ్మడి చావులు మాత్రం నమోదు కాలేదు.

లత_పరిశోధన

ఆ బూజు కప్ప లింఫోసైట్లను చంపే పదార్థాలు కూడా వదులుతుంది, అందుకే అంత ప్రమాదం. అయితే పనామాలో మిగిలిన కొన్ని జాతుల చర్మ స్రావాలు ముందుకంటే గట్టిగా దాన్ని అడ్డుకుంటున్నాయని 2018లో చూశారు. కొన్ని ఉభయచరాల చర్మం మీద ఊదారంగు పదార్థం చేసే బ్యాక్టీరియా ఉంటుంది, అది కూడా ఈ బూజును ఆపుతుంది. కప్పకు కాపలా కాసేవాళ్ళలో దాని సొంతవాళ్ళు కానివాళ్ళూ ఉన్నారు.

శేషు_పేరూరు

ఇంకో రెండు పోయాయి. ఇప్పుడు 10. మిగిలినవాటిని కపిల తీర్థం దగ్గర వదిలేద్దామని మా ఆవిడ అంటోంది. పుణ్యం, మంచి నీళ్ళు కూడా అని.

జువాలజీ_వాణి

దయచేసి వద్దు. మీ తొట్టిలో ఏదో రోగం ఉంది. దాన్ని అక్కడి కప్పల దాకా మోసుకెళ్ళినవాళ్ళవుతారు. ఎక్కడ పుట్టాయో ఆ పెరట్లోనే ఉండనివ్వండి.

పశువుల_డాక్టరు_చిత్తూరు

వాణి గారు చెప్పింది పాటించండి. ఇవాళే చెయ్యాల్సింది కొంచెం ఉంది. చచ్చినవాటిని వెంటనే తీసి దూరంగా లోతుగా పాతండి. నీళ్ళు సగం తోడేసి, ఒక రోజు నిలవబెట్టిన బోరు నీళ్ళు పొయ్యండి. రెండు అంగుళాల లోతు మించొద్దు. తోక పోతున్నవాటిని వెడల్పాటి టబ్బులోకి మార్చండి, ఒక పక్క తడి ఆకులు, కొబ్బరి చిప్ప బోర్లించి పెట్టండి. తోక ఉన్నంతసేపు తిండి వెయ్యొద్దు, తినవు, కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. చేతితో పట్టొద్దు, పట్టాల్సి వస్తే చెయ్యి తడిపి. మందులేవీ కలపొద్దు, పసుపు కూడా.

శేషు_పేరూరు

పసుపు నిన్ననే చిటికెడు వేశాను సార్, మంచిదని. ఆ నీళ్ళు ఇప్పుడే పారబోస్తున్నాను.

స్వర్ణముఖి_అమ్మ

బాబుకు చెప్పండి, మేమంతా వాటి కోసం ఎదురుచూస్తున్నామని.

శేషు_పేరూరు

తొమ్మిది రోజులైంది. మార్చాక ఒక్కటే పోయింది. తొమ్మిది బతికాయి. తోకలు పోయాయి, కాలి వేళ్ళ చివర గుండ్రటి బొట్లు వచ్చాయి, టబ్బు గోడ ఎక్కి అంటుకుని కూర్చుంటున్నాయి. మొన్న రాత్రి వాన పడ్డాక మూత తీసేశాం. పొద్దున చూస్తే ఆరు వెళ్ళిపోయాయి, మూడు మల్లె తీగ కింద ఉన్నాయి.

నిన్న సాయంత్రం మా వాడు పిలిచాడు. తీగ కింద ఉన్నదాంట్లో ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ, ఒళ్ళు అటూ ఇటూ విదిలిస్తూ, పొరలాంటిది నోట్లోకి లాక్కుంటోంది. తన చర్మాన్నే మింగుతోంది. జబ్బు చేసిందేమోనని వాడు ఏడుపు ముఖం పెట్టాడు.

పశువుల_డాక్టరు_చిత్తూరు

జబ్బు కాదు. పైపొర వదిలి తినేసింది. పొరతో పాటు దాని మీద అంటుకున్న సూక్ష్మజీవులు కూడా చాలావరకు పోతాయి. ఇక ఎప్పటికీ అలా వదులుతూనే ఉంటుంది. తేదీ రాసుకోమనండి.

శేషు_పేరూరు

రాసుకున్నాడు సార్. టైము కూడా వేశాడు, 5:40.